వేడి చెప్పే ముల్లు

రేకుల షెడ్డులో పికప్ బానెట్ తెరిచి ఉంది. తమ్ముడు ఇంజన్ మీదికి వంగి ఉన్నాడు, బావ అతని నెత్తిమీదే నిలబడ్డాడు, అక్క ఇంటి గుమ్మంలో ఉంది. మూడు వారాలుగా ఆ ముగ్గురి మధ్య ఒక్క మంచి మాట నడవలేదు.

"ఎవడు చెప్పాడ్రా నా బండికి చిల్లులు పొడవమని?"

"చిల్లులేం లేవు బావా. రెండే రెండు స్క్రూలు. ఒక మీటరు నీళ్ళ వేడి చెప్తుంది, ఇంకోటి ఆయిల్ ఒత్తిడి. అంతే."

"అంతేనట! ఇంజన్ మాడ్చి బొగ్గు చేసినవాడు ఇప్పుడు మీటర్లు పెడతాడట. చూస్తున్నావా మీ తమ్ముడి ఘనకార్యం?"

"చూస్తున్నా. నేనే పెట్టమన్నాను."

"నువ్వా?"

"నేనేనండీ. మీరు అరుస్తారు, వాడు లైటు వెలగలేదు వెలగలేదు అంటాడు. వినీ వినీ నా బుర్ర వాచిపోయింది. ఇకనుంచి ఎవరి నోటితోనూ పని లేదు, ముల్లే చెప్తుంది."

"ముల్లూ గిల్లూ లేకుండా ఇరవై ఏళ్ళు తోలాను నేను! పొగ రంగు చూసి చెప్తా ఇంజన్ సంగతి."

"బావా, ఆ స్పానర్ కాస్త అందిస్తారా?"

"అందిస్తా, నీ వీపు మీద."

"అక్కా, నువ్వయినా చెప్పు—"

"నీతో నేను మాట్లాడట్లేదు."

"ఇప్పుడు మాట్లాడావుగా."

"బండి గురించి మాట్లాడాను. నీతో కాదు."

"ఒరేయ్, ఆ మరలకి తెల్ల టేపు చుట్టవేం? కారి చావదూ?"

"టేపు చుడితే ముల్లు సరిగ్గా చెప్పదు బావా. సెన్సారు ఇనుము ఇంజన్ ఇనుముకి తగలాలి. దానికి ఎర్త్ అదే."

"అబ్బో! ఎర్తులు, సెన్సార్లు! ఇంత తెలిసినవాడివి ఆ రోజు ఇంజన్ వేడెక్కి ఎర్రలైటు వెలిగితే బండెందుకు ఆపలేదు?"

"వెలగలేదు."

"మళ్ళీ అదే పాట!"

"వెలగలేదు బావా. టైల్స్ లోడుతో ఎత్తు ఎక్కుతున్నా. బానెట్ సందుల్లోంచి ఆవిరి కనబడగానే ఆపేశా. అప్పటికే అయిపోయింది. లైటు మాత్రం వెలగలేదు."

"లైటు సెన్సారు శుభ్రంగా ఉందని మెకానిక్ నా కళ్ళముందే చూసి చెప్పాడు. మరి లైటెందుకు వెలగదు? చెప్పు!"

"నాకు తెలీదు."

"తెలీదు! ఫోన్లో తల దూర్చి తోలుంటావు."

"ఫోను జేబులో ఉంది."

"ఒరేయ్ తమ్ముడూ, నావైపు చూడు. ఇంజన్ పోయినందుకు కాదురా నా ఏడుపు. మీ బావ వద్దు వద్దంటున్నా పోట్లాడి నీకు తాళాలిప్పించాను. చిన్నప్పుడు అద్దం పగలగొడితే, నాన్న అడక్కముందే 'నేనే' అని వచ్చి నిలబడేవాడివి. ఈ బొంకులు ఎప్పుడు నేర్చుకున్నావు?"

"నేనే చేసుంటే ఇప్పుడూ నేనే అనేవాణ్ణి కదక్కా."

"చూసుకోలేదు, తప్పయిపోయింది అను. ఒక్క మాట. ఇక్కడితో వదిలేద్దాం."

"చూసుకున్నానే! చూసుకోలేదని ఎలా అనను?"

"చూశావా ఆ పొగరు!"

"మీరు ఆగండి. ఒరేయ్, ఆఖరిసారి అడుగుతున్నా. అంటావా, అనవా?"

"బండి నాకివ్వొద్దు. ఎక్కడో ఒకచోట పని చూసుకుంటా. చెయ్యనిది చేశానని మాత్రం నాతో అనిపించకు."

"అయితే మీటర్లు బిగించి వెళ్ళిపో. మళ్ళీ నా గడప తొక్కకు."

"అక్కా..."

"వెళ్ళిపో అన్నాను."

"...సరే. మరిగిన నీళ్ళు కావాలి."

"ఎందుకు?"

"బిగించేముందు పరీక్ష చూడాలి. సెన్సారుకి ఇంజన్ నుంచి ఎర్త్ వైరు తగిలించి వేడినీళ్ళలో ముంచితే ముల్లు లేవాలి."

"ఉండు... ఇదిగో గిన్నె. చెయ్యి కాల్చుకోకు."

"బావా, మీరు లోపల కూర్చుని తాళం తిప్పండి. ఇంజన్ స్టార్ట్ చెయ్యొద్దు, సగం చాలు."

"తిప్పాను. నీ ముల్లు గుర్రుపెట్టి నిద్రపోతోంది."

"ఇప్పుడు ముంచుతున్నా. చూసి చెప్పండి."

"ఆఁ... కదిలింది. అరవై. డెబ్భై. ఎనభై అయిదు. ఫర్వాలేదే... ఒరేయ్! ఏంట్రా ఈ మోత!"

"బజర్ బావా. తొంభై అయిదు దాటితే మోగుతుంది. మీటర్లో ఎర్రలైటు కూడా వెలగాలి. వెలిగిందా?"

"వెలిగింది, సరిగ్గా నా కళ్ళల్లోకి! ఆపు దీన్ని, ఆపు! చెవులు చిల్లులు పడుతున్నాయి!"

"వేడి తగ్గితే అదే ఆగుతుంది."

"తగ్గేదాకా నేను వినాలా? ఎత్తెక్కిన ప్రతిసారీ ఇది ఇలా కుయ్యోమని ఏడుస్తుంటే నేను బండి తోలాలా, దీనికి జోల పాడాలా? దీని వైరెక్కడ? పీకి పారేస్తా!"

"పీకేస్తే ఇంక పెట్టించడం దేనికండీ?"

"నీకేం తెలుసు తోలేవాడి బాధ! పాతదీ ఇంతే. కాస్త ఎత్తెక్కితే చాలు, ఎర్రగా గుడ్లురిమేది. నిరుడు దాన్ని పీకి కిటికీలోంచి విసిరేశాక గానీ నా ప్రాణం హాయిగా—"

"దేన్ని పీకారు?"

"బల్బుని. ఆ పాత ఎర్రలైటు బల్బుని. ఏం? ఇద్దరూ నా మొహం అలా చూస్తారేం?"