చెంగలప్ప నవారు నడికట్టు

గుర్రప్ప అని మా మామ, నాకు పిల్లనిచ్చినాయప్ప, అడివి అంచున సేద్దెం ఆయప్పది. మనిషి ఎట్లాంటోడో తెలుసుకోవాలంటే చెట్టెక్కిచ్చి చూసేవాడంట. నాకు పిల్లనిచ్చేటప్పుడు మాత్రం ఆ పని మర్చిపాయ, అదే నా అదృష్టం అనుకో. నేనేమో టౌన్లో పుట్టి టౌన్లో పెరిగిన దర్జీని. మిషను తొక్కడం తప్ప ఈ కాళ్ళకు ఇంకో పని చెప్పినోణ్ణి కాదు. పెండ్లినాటికే నా కడుపు ముందర నడిస్తే నేను దానెనక నడిచేవాణ్ణి. నవ్వుతాండావా నర్సక్కా, నవ్వు నవ్వు, ఇంకా శానా ఉండాది. పెండ్లయిన ఏడు ఏమైందంటే, ఆ ఊరి చేండ్లమీద ఒక ఒంటిపంది పడె. మందలో తిరిగే పందైతే అదిలిస్తే పోతాది, ఇది పోదు. శెనక్కాయ చేనంతా మడక తోలినట్టు తవ్విపెట్టె. కాపలాకి పోయిన మా చిన్నమామ తొడ కోరతో చీల్చె, ఆయప్ప మంచంలో పడె. ఇంక ఊరంతా కూడి వేటకి పోవాల్సిందే అనుకున్యారు. ఆడ వేట ఎట్లంటే, తప్పెట్లోళ్ళు కొండపక్కనుంచి పందిని తోలుకొస్తారు, ఈటెలోళ్ళు అదొచ్చే దోవలో చెట్లెక్కి కూచోనుంటారు. ఈటె ఇసిరేటప్పుడు మనిషి ముందుకు తూలతాడు గదా, కిందపడకుండా నడుముకు ఒక కట్టు కట్టుకోని దాన్ని పైకొమ్మకు తాడేసి బిగిస్తారు. నడికట్టు అంటారు దాన్ని. "మా అల్లుడు గుడక వస్తాడు" అని మామ ఊరందరి ముందర చెప్పేసె. నన్నడిగింది లేదు. కాదంటే నా పెండ్లాం ఈరమ్మ నలుగుర్లో తలెట్లెత్తుకుంటాది? వస్తాలే అంటి.

మరసనాడు మామ రెండు నడికట్లు తెచ్చి నా ముందరేసి, ఏరుకోమనె. ఒకటి ఎనుము తోలుది, వాళ్ళ తాతనాటిది. అది కట్టుకోని లేస్తే ఎనుమే నా నడుమెక్కినట్టుండె. చెట్టుకాడికి పోయి ఒక కాలు పైకెత్తితి, రెండోది లేవలా. ఆ చెట్టును కౌగిలిచ్చుకోని అట్లే నిలబడితి, ఎంతసేపు నిలబడితినో, మా అత్త సుబ్బలచ్చుమమ్మ వచ్చి "ఏం నాయనా చెంగలప్పా, చెట్టు పడిపోతాదని పట్టుకున్యావా?" అనె. రెండోది కిత్తనార తాడు. బరువు తక్కువే గానీ, అబ్బా, ఆ నార ఒంటికి తగిల్తే ఈటె పట్టుకునేది ఎవరు, రెండు చేతులూ గోక్కునేదానికే చాలవు. నాకు కోపమొచ్చె. దర్జీని గదా, నేనే ఒకటి కుట్టుకుంటా అంటి. ఇల్లంతా ఎతికితే తేలికైనదీ గట్టిదీ ఒకటే కనపడె, మా అత్త మంచం నవారు. అడిగే ధైర్యం లేక, ఆమె ఏటికి పోయినప్పుడు ఇప్పేస్తి. రెండు తొడలకు రెండు ఉచ్చులు, భుజాలమీదుగా రెండు పట్టీలు, నడుముకు మడతేసిన పట్టీ, అన్నీ మైనం పూసిన దారంతో దగ్గర దగ్గరగా కుట్టితి. శెనక్కాయ మూటకు తొడిగి దూలానికి ఏలాడదీస్తే ఒక్క కుట్టు కదల్లా. ఈరమ్మ ఆ మూటను పట్టుకోని ఊగి మరీ చూసె. అత్త ఏట్నుంచి వచ్చి మంచం చూసె, నన్ను చూసె, చాప తీసుకోని నేలమీద పరుచుకునె. తిట్టింటే బాగుండు.

మామకు చూపిస్తి. "కట్టుకుంటే ఒంటిమీద ఉన్నట్టే తెలీదు మామా" అంటి, శానా గొప్పగా. ఆయప్ప దాన్ని ఒక చేత్తో ఎత్తి చూసి, "తెలియాల గదా అల్లుడా! నువ్వు చెట్టుమీదుండావు, కట్టేసుకోనుండావు అని నీకు అది చెప్తా ఉండాల. బరువెందుకనుకున్యావు?" అనె. పాతకాలం మనిషి, ఈయప్పకేం తెలుసులే అనుకుంటి. అనుకున్యా, ఏం చేసేది!

వేటనాడు తెల్లారతానే పోతిమి. మామ చింతచెట్టెక్కె, ఉడత మాదిరి. నన్ను ఎదురుగా మద్దిచెట్టు ఎక్కిచ్చిరి. ఎక్కితి అనను, ఎక్కిచ్చిరి, కిందనుంచి ఎవురు యాడ పట్టుకోని తోసినారో అడగబాకండి. తాడు వదులుగా ఇడిచి నడికట్టును కొమ్మకు ముడేసి కూచుంటి. ఎంత సుకం! పట్టీ యాడా నొక్కదు, కోసుకోదు. గాలి చల్లగా వస్తాంటే కట్టు సంగతే మర్చిపోతి. అంతలో కొండపక్కన తప్పెట్లు మోగె, పొదలు ఇరిగిన సప్పుడు, వచ్చె పంది. దున్నపోతంత ఉండాది. మామ ఈటె ఇసిరె, తప్పె. నేను కండ్లు మూసుకోని ఇసిరితి. తెరిచి చూస్తే పంది పక్కకు పడుండాది! కండ్లు మూసుకుంటే తగిలింది, తెరుచుకోనుంటే తగిలేది కాదేమో. "పడిపాయ మామా, పడిపాయ!" అని అరిచి, ఇంక ఆగుతానా, ఊరోళ్ళు వచ్చేలోగా దాని పక్కన నిలబడాల గదా, చెట్టుమీదనుంచి ఎగిరి దూకితి.

దూకినోణ్ణి నేలమీదికి రాలా. నేలకు మోకాలెత్తులో జర్రున ఆగి, ఉట్టిమీది కుండ మాదిరి ఊగుతాండా. అప్పుడు గుర్తొచ్చె, కట్టేసుకోనుండా అని. ఇంకోపక్క మామ నా అరుపు నమ్మి, తోలుకట్టు ఇప్పి దిగొచ్చె, వట్టి చేతుల్తో. అప్పుడు లేచె పంది. నా ఈటె దాని భుజానికి రొంత గీరుకున్యాదంతే, దిమ్మదిరిగి పడినట్టుండాది. తలొంచుకోని మామ మీదికి పోతాంది. నేను అరిస్తి చూడు, నా బతుకులో అట్లా అరవలా. ధైర్యంతో అరిచినానని ఊరోళ్ళంటారు. భయంతోనే. అరుపు ఎట్లాగైనా అరుపేగదా, పంది నా పక్కకు తిరిగె. ఉరుకొస్తాంటే మోకాళ్ళు గడ్డానికి తగిలేట్టు పైకెత్తుకుంటి, ఈ కడుపు అంత మడతపడతాదని నాకప్పటిదాకా తెలీదు. కింద జారబడిన పంచెకు కోర తగులుకునె. పంచె ఊడి, దాని మొగానికి చుట్టుకునె. గుడ్డి పరుగు పరుగెత్తి మద్దిమానుకే గుద్దుకునె. మామ కింద పడున్న నా ఈటె తీసుకోని ఒకటే పోటు.

అంతా అయిపోయినాక మామ నా కాడికొచ్చి నిలబడె. తప్పెట్లోళ్ళు దగ్గరికొస్తాండారు, నాకు ఒంటిమీద పంచె లేదు. తన తలగుడ్డ ఇప్పి నా నడుముకు చుట్టె, పసిబిడ్డకు చుట్టినట్టు, మెల్లగా. వాళ్ళొచ్చి "ఇదేందబ్బా, అల్లుడు ఈడ ఏలాడతాండాడు?" అంటే, మామ మీసం తుడుచుకోని, "పందిని నా మీదనుంచి మళ్ళించేదానికి కావాలనే దిగినాడప్పా" అనె. "కాదు, నేను మర్చి..." అనబోతి. మామ నా పిక్క పట్టుకోని గిచ్చె.

ఇంటికి పోయి అత్తతో గుడక అదే చెప్పినాడంట. ఈరమ్మ మాత్రం నన్ను పెరట్లోకి తీసకపోయి, "నిజం చెప్పయ్యా, మర్చిపొయ్యి దూకినావు గదా?" అనె. అవునంటి. పడీపడీ నవ్వె, నవ్వి నవ్వి కండ్లనీళ్ళు పెట్టుకునె, ఆ నీళ్ళు యాడ నవ్వయినాయో యాడ ఏడుపయినాయో నాకు తెలీలా.

అప్పట్నుంచి అడివిపందులు చేలో పడితే చాలు, నాకు కబురొచ్చేది. పోతే మర్యాద మర్యాదే, నాకంటే ముందు ఎవురూ చెట్టుకాడికి పోరు. కాకుంటే ఈటె మాత్రం ఇయ్యరు. పందిని మళ్ళించేదానికి ఏలాడదీస్తారు. అందరి అల్లుళ్ళకూ అత్తగారింట్లో పీటేస్తారు, నాకు మాత్రం కొమ్మ చూసిపెట్టేవాళ్ళు. నేనేమో గంజి పెట్టిన పంచె కట్టుకోని పోయేవాణ్ణి, పంది ముందర గుడక అల్లుడు అల్లుడే గదా.