విడివిడిగా అడిగిన మేడం

1991 జూలై ఒకటవ తేదీన మన ప్రజాభిప్రాయ పరిశోధన సంస్థలో క్షేత్ర పరిశోధకురాలిగా చేరి, ఈ నెలాఖరున సర్వే విభాగాధిపతిగా పదవీ విరమణ చేస్తున్న మేడంగారిని గురించి నాలుగు మాటలు వ్రాసే భాగ్యం నాకు దక్కింది. ఎవరేం చెప్పినా ‘ఎందుకు?’ అని అడగడం వారి అలవాటు కనుక చాటున ‘ఎందుకమ్మ’ అని పిలుచుకునేవాళ్లం. ఆ సంగతి వారికి మొదటినుంచీ తెలుసట.

ఆనాడు మన పెద్దలలో రెండు సిద్ధాంతాలు చెలామణిలో ఉండేవి. మనిషి తాను పుట్టి పెరిగిన వర్గాన్ని బట్టి ఓటేస్తాడని కొందరు, లాభనష్టాలు బేరీజు వేసుకుని వేస్తాడని కొందరు వాదించేవారు. ఇంటి యజమానిని అడిగితే ఇంటిల్లిపాదినీ అడిగినట్లేనన్న విషయంలో మాత్రం అందరిదీ ఒకే మాట.

చేరిన రెండో ఏట మేడంగారు ఒక దర్జీ ఇంటికి వెళ్లారు. “మా ఇంట్లో అందరిదీ నా మాటే, రాసుకోండి” అన్నాడాయన, మిషను ఆపకుండానే. మేడంగారు అనుమతి అడిగి, వసారాలో గుండీలు కుడుతున్న ఆయన భార్యను పలకరించారు.

“ఆయన చెప్పినప్పుడు తలూపుతానండీ. తలూపితే ఓటేసినట్టేనా?” అందామె గొంతు తగ్గించి. “వీధి కుళాయి బాగుచేయించినాయనకి వేశా. నీళ్లు మోసేది నేను కదా!”

ఇకపై ఇంట్లో ప్రతి ఒక్కరినీ విడిగా అడగాలని మేడంగారు ప్రతిపాదించారు.

“ఒక్కావిడ చెప్పిందని పద్ధతి మార్చేస్తామా అమ్మాయ్?” అన్నారు అప్పటి డైరెక్టరుగారు.

“ఒక్కావిడ చాలదు సార్. అందుకే అందరినీ అడుగుదామంటున్నా.”

ఫలితంగా వారిని గ్రంథాలయానికి బదిలీ చేశారు. అక్కడ పుస్తకాలు సర్దుతూనే, ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ అదే ప్రతిపాదన మళ్లీ పంపారు. చివరికి డైరెక్టరుగారు “నీ మొండిపట్టుతో వేగలేను తల్లీ” అంటూ ఒక పట్టణాన్ని ప్రయోగంగా అప్పగించారు. మేమంతా వారి వెంట ఎండలో ఇల్లిల్లూ తిరిగాం. ముఖం మీదే తలుపులు వేసినవారూ ఉన్నారు.

భర్తలకు తెలియని ఓట్లు ఎన్నో బయటపడ్డాయి. మేము పండగ చేసుకున్నాం. కానీ దాదాపు అంతే సంఖ్యలో ఇళ్లలో, భార్యాభర్తలు కూర్చుని మాట్లాడుకుని ఒకే ఓటు వేశారు. వాటిని నివేదిక చివర్లో ఎక్కడో పెడదామని మాలో కొందరు సూచించారు.

“మనకి నచ్చని జవాబు చెప్పారని వాళ్ల నోరు మనం నొక్కేస్తామా? అవీ మొదటి పేజీలోనే ఉండాలి” అన్నారు మేడంగారు. అలాగే అచ్చయింది. నాటినుంచి విడిగా అడగడమే మన సంస్థ నియమమైంది.

ఒకసారి వారింట భోజనాల వేళ, చిత్రలేఖన ఉపాధ్యాయులైన వారి భర్తగారు “మా ఇద్దరిదీ మొదట్నుంచీ ఒకే ఓటు” అని గర్వంగా సెలవిచ్చారు. “అని మీరనుకుంటున్నారు” అంది వంటింటి గుమ్మంలోంచి ఒక గొంతు. వారి అమ్మాయి నవ్వు ఆపుకోలేక కంచం వదిలి లేచిపోయింది.

మేడంగారు చూపు మందగించక, మోకాళ్లు మొరాయించక నిండు నూరేళ్లూ ఆరోగ్యంగా వర్ధిల్లాలని, రాబోయే ఎన్నికలన్నింటికీ తమ కాళ్లపై తాము నడిచివెళ్లి, ఎవరికీ చెప్పనక్కరలేని కారణంతో ఓటేసి రావాలని మా అందరి ఆకాంక్ష.