గంట కింది బొమ్మ

ఆటిజం ఉన్న పిల్లల్ని ఇంటి దగ్గర ఎలా చూసుకోవాలో అమ్మానాన్నలకు నేర్పడం ఆ టీచరు పని. చాలా రోజుల తర్వాత ఈ ఇంటి గంట కొట్టింది. తల్లి తలుపు తీసింది గానీ, పాప మాత్రం కనబడలేదు.

"పడుకుందండీ. మీరు కూర్చోండి."

"ఈ వేళప్పుడు పడుకోదుగా చిట్టి?"

"పడుకోదు. అంటే... ముందు ఈ గోడ చూడండి టీచర్. మీరు చెప్పినట్టే బొమ్మలన్నీ వరసగా అతికించాం. పళ్ళు తోముకోవడం, స్నానం, జడ. బొమ్మ చూపిస్తే చాలు, చేసేస్తోంది. అంతా మీ చలవే."

"బాగుంది. మరి ఈ చివరిది? గంట బొమ్మ నేనివ్వలేదే."

"అది మా ఆయన గీశారు. బాగా గీశారు కదూ?"

"గంట కింద ఇదేమిటి? తలుపా?"

"ఆఁ, తలుపే."

"ఏ తలుపు?"

"మంచినీళ్ళు తాగండి ముందు."

"ఏ తలుపమ్మా?"

"సామాన్ల గదిది. మీకు తెలియందేముంది, మునుపు ఎవరైనా వస్తే ఇల్లు పీకి పందిరేసేది. అరుపులు, కొరకడాలు. మా ఆయన పైఆఫీసరు ఇంటికొస్తే ఆయన చేతిలో ప్లేటు లాక్కుని గోడకేసి కొట్టింది. నలుగురిలో తలెత్తుకోలేకపోయాం. ఇప్పుడు గంట మోగితే తనే లేస్తుంది, తనే వెళ్తుంది, తలుపూ తనే వేసుకుంటుంది. కిక్కురుమనదు."

"పిల్లని దాచేస్తున్నారా?"

"దాచడమేంటండీ. నేర్పాం. లోపల పరుపు కూడా వేశాం."

"లైటు?"

"లైటుంటే తలుపు సందులోంచి కనబడుతుంది కదా."

"నేను నేర్పింది ఇందుకా?"

"అట్లా అంటే ఎట్లా టీచర్? గోడ ఫొటో ఫోన్లో పంపితే మీరేగా చప్పట్ల బొమ్మ పెట్టారు."

"నేను... నేను మొదటి బొమ్మలే చూశాను."

"మీరు మెచ్చుకున్నారన్న ధైర్యంతోనే మీ దగ్గర నేర్చుకునే మిగతా తల్లులకూ పంపాను. ఇద్దరు గీయించుకున్నారు కూడా."

"ఇవాళ ఎవరొచ్చారని లోపలికెళ్ళింది?"

"మీరేగా గంట కొట్టింది."

"జరగండి. తప్పుకోండమ్మా... చిట్టీ, నేనమ్మా, టీచర్ని. నీ ఎర్ర బంతి తెచ్చాను. రా తల్లీ."

"రాదండీ."

"తలుపు తీశాను కదా, లేవదేం? ఇటు తిరగనైనా తిరగదేం?"

"మాటలు తగ్గించి బొమ్మ చూపించమన్నది మీరే. ఇప్పుడు మాటలకి లేవమంటే ఎట్లా లేస్తుంది?"

"అయితే బయటికి రమ్మనే బొమ్మ చూపించండి. ఏదీ? గోడ మీద లేదే."

"లేదండీ. సాయంత్రం వాళ్ళ నాన్నొచ్చి ఎత్తుకొస్తారు... అది గీయాలని మాకెవరికీ తోచలేదు."