పాత శ్రుతి గుర్తు

విరామం గంట మోగగానే వాద్యబృందం నాయకుడు తెర వెనక కంప్యూటర్లో పాటల స్వరాలు, నొటేషన్ రాసే అమ్మాయి మీద విరుచుకుపడ్డాడు.

"మధ్యలో శ్రుతి మారిన పాట మళ్లీ మొదటికొచ్చేసరికి మేమంతా పాత శ్రుతికి వచ్చేశాం. గాయని మాత్రం కొత్త శ్రుతిలోనే ఉండిపోయింది. నిండు సభలో పరువు తీశావ్! రేపట్నుంచి రానక్కర్లేదు."

"వెనక్కి మళ్లే చోట పాత శ్రుతి గుర్తు పెట్టాను సార్. మీ అందరి కాగితాల్లోనూ ఉంది."

"మరి ఆవిడ కాగితంలో?"

"ఎవరో తీసేశారు. కంప్యూటరే మింగేస్తే అందరివీ మింగాలి కదా! ఆవిడ కాగితం ఒక్కటే పొద్దున మళ్లీ ప్రింట్ తీశారు."

"నీ గదిలోకెవరొస్తారు?"

"నా గది రెండో తాళంచెవి మీరెవరికిచ్చారు సార్?"

అవతల మూల గాయని వెక్కివెక్కి ఏడుస్తోంది. ఆమె పాడలేకపోతే బదులు పాడాల్సిన పిల్ల అప్పుడే ముస్తాబై, గొంతు సవరించుకుంటోంది.

ఆయన అటే చూస్తూ గోడకు ఆనుకున్నాడు.

"మా అమ్మాయికి."