వరదయ్య మేస్త్రి ఏటిని కొండెక్కించిన కథ

నేను ఇంతవరకూ ఏమీ రాసినదాన్ని కాను. ఐదో తరగతితో బడి మానేసినాను. నలుగురిలో నోరు తెరవాలంటే నాకు అరచేతులకు చెమట పడతాది. కానీ మా ఇంటి పంచలో జరిగిన సంగతిని వీధిలో ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెప్పుకుంటా ఉంటే, జరిగింది జరిగినట్టు రాయాలనిపించింది.

మా ఇంటాయన వరదయ్య. తిరుచానూరులో సగం లాడ్జీలకు పనిచేసిన మేస్త్రి. మోకాళ్ళు వంగక పని మానేసి రెండేళ్ళయింది. అప్పటి నుంచి పిలిచినోళ్ళు లేరు. వాకిట్లో కూర్చోని పోయే సిమెంటు లారీలను చూస్తా ఉంటాడు. ఆ చూపు నేను చూడలేను.

మొన్న సాయంత్రం భానుశ్రీ అని ఒక ఇంజనీరమ్మ స్కూటీ మీద వచ్చింది. రేణిగుంట రోడ్డులో వాళ్ళ కంపెనీ అపార్టుమెంట్లు కడతా ఉండాదంట. పని మానేసిన పాత మేస్త్రీలను పిలిచి కుర్రోళ్ళకు పని నేర్పించాలని వెతకతా ఉండాదంట.

“మా బాత్రూముల్లో నీళ్ళు తూముకు పోకుండా నిలబడిపోతా ఉండాయి మేస్త్రీ. నీళ్ళు తూము దిక్కు జారేటట్టు నేలకు వాటం పెట్టేది పిల్లోళ్ళకు నేర్పాల. మీ చేత అవుతుందా?” అని అడిగింది.

అవుతుంది అంటే సరిపోయేది. కానీ ఎదురింటి ఆటో గిరి, పక్కింట్లో పూలు కట్టే కుప్పమ్మత్త అప్పటికే వచ్చి పంచలో చేరినారు. జనాన్ని చూస్తే మా ఆయన నోరు ఆగదు. నేను కాఫీ ఇచ్చి తలుపు వెనక నిలబడి, ఈ పని ఆయనకు దక్కాల, రెండు మాటలతో ఆపించు స్వామీ అని మొక్కుకుంటా ఉండాను.

“వాటమా మేడం! ఈడే ఒక మూడంతస్తుల లాడ్జీ. పైన బాత్రూములో నీళ్ళు నిలస్తా ఉంటే ఓనరు నన్ను పిలిపించినాడు. పోయి, నేలను వేలితో తడిమి, ఇంత సిమెంటు అద్దినాను. అంతే, నీళ్ళు గలగలా పోయినాయి.”

“అది నిజమే మేడం,” అన్నాడు గిరి. ఆ ముక్క అనకుండా ఉండాల్సింది.

“ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇదే వాటం లాడ్జీ మొత్తానికి పెట్టు అన్నాడు ఓనరు. సరేనని, నా మాదిరే పని మాని ఇంట్లో కూర్చున్నోళ్ళను కూడగట్టినాను. వడ్రంగి గోవిందయ్య, చెక్కను వాసన చూసి ఆ చెట్టు కింద ఎవరు నిద్రపోయినారో చెప్తాడు. ప్లంబరు బాలచంద్ర, గోడకు చెవి ఆనించినాడంటే పైపులో నీళ్ళు ఏమనుకుంటా ఉండాయో వాడికి ఇనబడతాది. ముగ్గురికీ కలిపి ఒక నోటికి సరిపోయే పళ్ళు లేవు. కుర్రోళ్ళు మట్టం చూసే లేజరు మిషను తెచ్చినారు. నేను ఒక కన్ను మూసి నేలకేసి చూస్తే, పాపం, ఆ మిషను ఎర్రగీత ‘తప్పైపోయింది మేస్త్రీ’ అన్నట్టు పక్కకు జరిగింది!”

“మిషను మాట కూడా మాట్లాడిందా వరదా?” అనింది కుప్పమ్మత్త.

“మాట్లాడలేదత్తా, అబద్ధం చెప్పకూడదు. గీత మాత్రం జరిగింది.”

“మరి పిల్లోళ్ళకు ఎట్ల నేర్పినారు?” అని భానుశ్రీ అడిగింది.

“తిట్టి నేర్పినాను! ఒడిశా పిల్లోళ్ళు, మన భాష రాదు. మధ్యాహ్నానికి పని వచ్చేసింది, సాయంత్రానికి మన తిట్లు వచ్చేసినాయి, మర్నాడు నన్నే తిట్టి నా పని సరిచేసినారు! ఒకడైతే ఎట్ల తయారైనాడంటే, వాడు టీకి పోతే వాడి తాపీ ఒక్కటే గోడ పూస్తా ఉండేది.”

“తాపీకి టీ ఎవరిచ్చినారప్పా?” అన్నాడు గిరి.

“పక్కన పెట్టినాము. తాగలేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మూడో అంతస్తులో నీళ్ళు పోస్తే, కింద పడుకున్న భక్తులను తడపకుండా తప్పుకోని, మెట్ల మలుపులో ముసలామెకు దారిచ్చి, తూము ముందర క్యూ కట్టేవి! అది విని చిత్తూరు మామిడి మండీ సేటు పరిగెత్తి వచ్చినాడు. మండీ నేలకు వాటం పెట్టినాను. తోతాపురి ఒక దిక్కు, బేనీషా ఒక దిక్కు, వాటంతట అవే దొర్లి బుట్టల్లో పడేవి. పుల్లకాయ అయితే సిగ్గుపడి మూలకు పోయేది!”

“ఇంక చాలప్పా, కడుపు నొప్పి,” అన్నాడు గిరి.

“ఉండబ్బా! కాళాస్తిలో స్వర్ణముఖి ఒడ్డున ముగ్గురు ముసలోళ్ళం కూర్చోని, నేను ఇసకలో తాపీతో ఒక్క గీత గీసినాను. అంతే మేడం, ఏరు ఎగువకు తిరిగింది! అలిపిరికి వచ్చి కొండ మెట్లు ఎక్కడం మొదలుపెట్టింది. మోకాళ్ళ పర్వతం కాడ దానికి ఆయాసమొచ్చి కూలబడింది. నాకే జాలేసి, దిగిపో తల్లీ అన్నాను!”

కుప్పమ్మత్త కొంగు నోట్లో కుక్కుకుంది. భానుశ్రీ నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంటా లేచి నా దగ్గరికి వచ్చింది.

“అక్కా, బాత్రూము యాడుండాది?”

కొత్త మనిషి, జారిపడితే ఎట్ల అని నాకు భయమేసింది. “పెరట్లో మేడం. చూసి అడుగు పెట్టండి. నీళ్ళు తూముకు పోవు, తలుపు కాడికే వస్తాయి. నేను చీపురుతో తోసేస్తా, ఒక్క నిమిషం ఆగండి.”

పంచలో అందరూ మా ఆయన కేసి తిరిగినారు. నేను ఏమన్నానో నాకు అప్పుడు తెలిసింది.

“ఏటిని కొండెక్కించినోడు పెండ్లాం చేతికి చీపురిచ్చినాడే!” అని కుప్పమ్మత్త పగలబడి నవ్వింది.

మా ఆయన తల గోక్కున్నాడు. “అది... తొందరలో పోసిన నేల మేడం,” అన్నాడు.

భానుశ్రీ తడిసిన ప్యాంటు అంచులు పిండుకుంటా వచ్చింది. ఇప్పుడు నవ్వలేదు. “ఈ నేలను సరిచేయించండి మేస్త్రీ. మీరు వంగలేరు గదా, ఇంకొకరికి చెప్పి చేయించండి. నాకు కావాల్సింది అదే. రేపు పదింటికి వచ్చి చూస్తా,” అని వెళ్ళిపోయింది.

నా నోటి వల్ల ఆయన పని పోతుందని నాకు నిద్ర పట్టలేదు.

తెల్లారగానే గిరి గడ్డపారతో పాత నేల పగలగొట్టి, బాడుగ ఉండాదని వెళ్ళిపోయినాడు. కొత్తది పోసేదానికి అప్పటికప్పుడు మనిషి యాడ దొరుకుతాడు? నేను చీర ఎగ్గట్టి, తాపీ తీసుకోని కూర్చున్నాను. ఆయన కుర్చీ వేసుకోని గుమ్మం కాడ కూర్చున్నాడు. తిడతాడేమో అనుకున్నాను.

“తూము నుంచి గోడకు దారం కట్టు. ఊ. తూము కాడ మొదలుపెట్టి ఎనక్కి రా. మెల్లగా. ఆ మూల దిగింది, ఇంకొంచెం వెయ్. ఇప్పుడు చెక్కబద్దతో లాగు.”

ఆయన నోట్లోంచి అంత తక్కువ మాటలు రావడం నేను ఎప్పుడూ వినలేదు. చెప్పింది చెప్పినట్టు నా చేతికి వచ్చేస్తా ఉండాది.

భానుశ్రీ ఎప్పుడు వచ్చిందో, ఆయన వెనక నిలబడి అంతా వినింది. వంగి దారాన్నీ నేలనూ చూసింది. “సోమవారం నుంచి రండి మేస్త్రీ. కుర్చీ మేమే వేస్తాం,” అనింది. మా ఆయన తలూపినాడు.

ప్రహరీ మీంచి కుప్పమ్మత్త తొంగి చూసింది. “ఎవరమ్మే, ఇంత నున్నగా పోసింది?”

నేను లేచి, సిమెంటు చేతులు నడుం మీద పెట్టుకోని, వీధంతా ఇనబడేటట్టు చెప్పినాను.

“నేనే అత్తా! ఆరనీ, చూద్దువు గాని. దీని మీద పోసిన నీళ్ళు ముందు ప్రహరీ దూకి, నీ పూలబుట్టకు రెండు చుక్కలు చల్లి, మళ్ళీ వచ్చి తూములో దిగుతాయి!”