తల్లి వైపా, తండ్రి వైపా

నరాల డాక్టరమ్మ గది. బల్లకు ఇవతల భార్యాభర్తలు, భర్త టైలరు. వాళ్ళ కూతురు నడవా చివర, రోగులకు నడక నేర్పే గదిలో ఉంది.

"మా వైపు ఎవరికీ లేదు డాక్టరమ్మా. ఎన్నిసార్లడిగినా అదే మాట. రాసుకోండి, లేదు."

"మీ నాన్నగారు ఎలా పోయారు?"

"తాపీమేస్త్రి. కడుతున్న మేడ మీంచి పడి పోయాడు. అదీ జబ్బేనా?"

"ఎన్నేళ్ళకి?"

"నలభై నిండలేదు. నేనింకా నిక్కర్లేసుకు తిరిగేవాణ్ణి."

"ఎలా పడ్డారు?"

"కాలు జారింది. మేస్త్రికి కాలు జారదా?"

"అంతకుముందు ఎప్పుడైనా తూలడం, చేతుల్లో వస్తువులు జారిపోవడం..."

"తాగుబోతు కాదమ్మా మా నాన్న! చుక్క ముట్టి ఎరగడు. అయినా లోకం తాగాడనే అంది."

"అదే అడుగుతున్నాను. తాగని మనిషిని తాగాడని ఎందుకన్నారు?"

"లోకం నోటికి మూతా? అడగాల్సింది నన్ను కాదు, దీన్ని. దీని తమ్ముడి సంగతి అడగండి. చెప్పవే, నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్నావా?"

"మా తమ్ముడిది మూర్ఛండీ. చిన్నప్పుడు జ్వరం మెదడుకెక్కి..."

"మూర్ఛట! గోడలతో మాట్లాడేవాడు. పెళ్ళినాటికి దాచిపెట్టారు. ఇప్పుడు బయటపడింది, నా బిడ్డ ఒంట్లో."

"మూర్ఛ వేరండీ, ఇది వేరు."

"అన్నీ తలకాయ జబ్బులే కదమ్మా."

"కాదు. మీ అమ్మాయిది వంశంలో వచ్చే జబ్బు. రక్తపరీక్షలో తేలిపోయింది. మెదడులో ఒక భాగం మెల్లమెల్లగా అరిగిపోతుంది. ఆ చేతులూ కాళ్ళూ వాటంతటవే కదలడం, ఆ కోపం, ఆ మరుపు, అన్నీ దానివల్లే."

"రెండేళ్ళు తిప్పారమ్మా. కళ్ళ డాక్టరు అద్దాలిచ్చాడు. ఎముకల డాక్టరు నడుముకి పట్టీ కట్టాడు. ఇంకొకాయన దిగులు జబ్బు, పెళ్ళి చేస్తే కుదురుకుంటుందన్నాడు. కేకుల మీద పేర్లు రాసే పిల్లమ్మా అది! ముత్యాల్లా రాసేది. అక్షరాలు పురుగుల్లా పాకుతున్నాయని షాపాయన ఇంటికి పంపించేశాడు."

"చాలామందికి ఇలాగే ఆలస్యంగా తెలుస్తుంది. అరుదైన జబ్బు, చప్పున ఎవరికీ తట్టదు."

"సరే, తెలిసిందిగా. మందు రాయండి."

"చేతుల ఊపు తగ్గడానికి రాస్తాను. నిద్రకి, దిగులుకి రాస్తాను."

"జబ్బుకి?"

"ఇంకా లేదు."

"లేదంటే? ఇక్కడ లేదా? ఎక్కడుందో చెప్పండి, మోసుకునైనా తీసుకెళ్తాను."

"ఎక్కడా లేదండీ."

"దానికి ఇరవై ఎనిమిది నిండలేదమ్మా! ఇరవై ఎనిమిది!"

"అందుకే మీ ఇద్దరితో మాట్లాడుతున్నాను. ఇది తల్లి నుంచో తండ్రి నుంచో వస్తుంది. ఇంకా బయటపడకపోయినా ఇద్దరిలో ఒకరికి ఉండే ఉంటుంది. తండ్రి వైపు నుంచి వస్తే ఒక్కోసారి బిడ్డలోనే ముందు కనబడుతుంది. ఆయనకి పెద్దగా తెలియనే తెలియదు."

"నాకా? ఈ చేతులు చూడండి. ఊరందరి కొలతలూ ఈ వేళ్ళలో ఉన్నాయి."

"ఆ వేళ్ళు ఒక్క నిమిషం కదలకుండా చాపగలరా?"

"కోపంలో ఉన్నానమ్మా. కోపంలో ఎవరి వేళ్ళు నిలుస్తాయి?"

"పొద్దుట్నించీ ఏమీ తినలేదండీ ఆయన. అందుకే..."

"నువ్వుండవే. డాక్టరమ్మా, ఒక్క మాట వినండి. ఆ జబ్బు నా రక్తంలోంచి నా బిడ్డకి పోయుంటే, ఈపాటికి నేను ప్రాణాలతో ఉండేవాణ్ణి కాదు. ఏ మొహం పెట్టుకుని దాని ఎదురుగా కూర్చోను?"

"అలా అనకండి."

"కన్నబిడ్డకి విషం పోసిన చేతిని ఎవరైనా ఉంచుకుంటారా?"

"ఏవండీ, పిల్ల పిలుస్తోంది."

"నాకు వినబడలేదే."

"పిలిచింది. ఒక్కతే లేచి పడిపోతుందేమో, వెళ్ళండి."

"వెళ్తాలే. వెళ్తా..."

"గడప. గడప చూసుకోండి!"

"చూశానే! ఎవడో తలమాసినవాడు ఇంత ఎత్తున కట్టాడు."

"అమ్మా, మీ అమ్మాయి పిలవలేదు కదా?"

"లేదు. ఆయన వెళ్ళారా? ఆ తలుపు దగ్గరకి వెయ్యండి. పోయినవారం నేనిచ్చిన రక్తం, దాని సంగతి వచ్చిందా?"

"వచ్చింది. వినడం ఇష్టం లేకపోతే ఇప్పుడైనా..."

"చెప్పండి."

"మీకు లేదమ్మా."

"లేదా?"

"లేదు. మీకెప్పటికీ రాదు."

"సరిగ్గా చూశారా? ఇంకోసారి చూడండి. ఎక్కడో ఓ మూల ఇంతైనా ఉండుంటుంది. ఉంటుందండీ, చూడండి."

"అమ్మా, ముందు కూర్చోండి. మంచినీళ్ళు తాగండి."

"నాకు లేదంటే... నాకు లేదంటే మరి ఇంక..."

"ఆయన్ని పరీక్షించకుండా ఆయన గురించి నేనేమీ అనను."

"మీరనక్కర్లేదు. పక్కన పడుకునే మనిషిని, నాకు తెలీదా? నిద్రపట్టాకగానీ ఆ కాళ్ళు ఆగవు. ఏడాదిగా కాజాలు నేనే కుడుతున్నా. ఆయన కత్తిరించింది వంకరపోతే, భోజనానికి లేచినప్పుడు సరిచేసి మళ్ళీ అక్కడే పెడుతున్నా. మొన్న ఎవరిదో కోటు భుజం దగ్గర కోసేసి, నా మీదికి ఇస్త్రీపెట్టె ఎత్తారు. నోరే తప్ప ఎన్నడూ చెయ్యి లేవని మనిషి."

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"నాకు తెలిసిందని ఆయనకి తెలిసిపోతుందని."

"ఆయనకి తెలియాలమ్మా. పరీక్షకి రావాలి. మీరు నచ్చజెప్పాలి."

"నాకే ఉందని చెప్పండి ఆయనకి."

"ఏంటమ్మా మీరనేది?"

"నా వైపు నుంచే వచ్చిందని ఒక్క మాట. మా తమ్ముడి పేరుతో ఎలాగూ పడుతూనే ఉన్నాను. కొత్తేం కాదు."

"నేను అబద్ధం చెప్పలేను."

"నిజమూ చెప్పకండి. నా రక్తం, నా ఇష్టం. ఇందాక ఏమన్నారో విన్నారుగా? అన్నంత పనీ చేసే మనిషండీ. అదలా, ఆయనిలా అయిపోతే నేనెవర్ని చూసి బతకను?"

"ఎంతకాలం దాస్తారు? ఆయన ఒళ్ళే బయటపెడుతుంది."

"పెట్టనివ్వండి. ఈలోగా నాకో పనుంది."

"ఏం పని?"

"ఊరుకోండి, వస్తున్నారు."

"అది పిలవనే లేదటే! కమ్మీ పట్టుకుని నడుస్తోంది. నన్ను చూసి నవ్వింది కూడా... ఏంటి? ఎందుకేడుస్తున్నావు?"

"ఏవండీ, మీకు చెప్పకుండా నేను పోయినవారం రక్తమిచ్చాను."

"ఇస్తే?"

"నా వైపు నుంచేనండి."

"ఏంటి?"

"మీరన్నదే నిజం. నా నుంచే వెళ్ళింది దానికి."

"డాక్టరమ్మా, ఏంటిది? నిజమేనా? మాట్లాడరేం?"

"ఆవిడ పరీక్ష సంగతి ఆవిడది. నేను చెప్పకూడదు. మీరూ చేయించుకుంటే మీది మీతో మాట్లాడతాను."

"అంటే... నీక్కూడానా? నువ్వు కూడా దానిలాగే..."

"అనండి. ఇన్నాళ్ళూ అన్నారుగా. బిడ్డకి విషం పోశానని అనండి."

"నోర్ముయ్."

"ఏ మొహంతో దాని ఎదురుగా కూర్చోనండీ? ఇంక నేనుండి ఏం లాభం? నా దారి నేను..."

"నోర్ముయ్యమన్నానా! పిచ్చి మాటలు నువ్వూనూ. ఇలా రా. రావే ఇలా. ఏం చేశావు నువ్వు? తెలిసి చేశావా? రక్తం ఎంచుకుని పుడతామా ఎవరమైనా?"

"మరి మీరే కదా..."

"అన్నాను. కడుపు మండి అన్నాను. నీ తప్పేం లేదు. నువ్వు పోతే దానికెవరున్నారు? ఉండాలి. జబ్బుంటే ఉండనీ, ఓపికున్నన్నాళ్ళు దాని కోసం ఉండాలి. వింటున్నావా?"

"వినబడలేదు. ఇంకోసారి అనండి."

"నీ తప్పేం లేదన్నాను."

"ఆ తర్వాతది."

"జబ్బున్నా సరే, దాని కోసం ఉండాలి."

"డాక్టర్ గారూ, విన్నారు కదా, ఆయన నోటితో ఆయనే అన్నారు. ఇప్పుడు తీసుకోండి ఆయన రక్తం."