హద్దురాయి ఏ సాఫ్ట్‌వేర్‌లో ఉంది?

హైటెక్ సిటీ భవనం కొత్తగా తెరిచిన రోజులు. వీడియో క్యాసెట్లను సీడీల్లోకి మార్చే సంధ్య అనే అమ్మాయి షాపుకు ఆ మధ్యాహ్నం మణికొండ నుంచి మునిస్వామి, నర్సింహ వచ్చారు. ఇద్దరివీ పక్కపక్క ప్లాట్లు. మునిస్వామి భూమిపూజ క్యాసెట్‌ను ఎదుటివాడి చేతికివ్వడానికి ఇద్దరూ ఒప్పుకోక, ఒకే స్కూటర్ మీద దాన్ని మధ్యన ఇరికించుకుని తెచ్చారు.

“సార్, రెండు సాఫ్ట్‌వేర్లల్ల ఏది పెట్టాల్నో మీరిద్దరు ఒక మాట మీదికి రాండ్రి. నేను ఎవరి మాట వినాలె?”

“నా భూమిపూజ క్యాసెట్టమ్మా అది. నా మాటే వినాల. ఆ బిరబిరా అయిపోయేది పెట్టు.”

“వద్దు బిడ్డా, మెల్లగయ్యేది పెట్టు. స్వామి సాబ్‌కు ఎందుకు తొందరనో నాకెరుక.”

“నాకేం తొందర నర్సింహా? ఆదివారం కాలనీ పెద్దమనుషుల ముందర ఆడించాల గదా.”

“జర ఆగుండ్రి. తొందరదాంట్ల కదిలే మనుషులు మంచిగనే వస్తరు. కదలనియి అది పెద్దగ పట్టించుకోదు. గోడలు, చెట్లు, రాళ్లు అన్ని అలికినట్టు అయితయి.”

“రాళ్లను అలుకుతాదా?”

“అలుకుతది సార్.”

“అదే పెట్టు తల్లీ.”

“చూసినవా బిడ్డా? పూజ ఎనకాల మా ఇద్దరి హద్దురాయి ఉన్నది. రోడ్డేసేటోళ్లు దాన్ని పేల్చిండ్రు. ఇగ ఆ రాయి గీ క్యాసెట్ల తప్ప యాడ లేదు. అది ఈయన బోరుకు ఆనుకొనే ఉండె. ఈయనేమో బోరు దాటొచ్చి నా జాగల గోడ కట్టిండు.”

“అబద్ధం. రాయి నా బోరుకు చానా దూరంలో ఉన్నింది. ఈయనే నా పక్కకు మెట్లు దించినాడు.”

“ఇంట్ల టీవీల ఏస్తే తెలుస్తలేదా కాకా?”

“ఏం తెలుస్తది. బూజు పట్టింది. అన్ని చుక్కలు, గీతలు. నేను రాయి అంటే ఈయన మేక అంటడు.”

“మేకే అది. కదిలింది.”

“టీవీ కదిలింది సాబ్.”

“మెల్లది బూజు మచ్చలు తుడిచి, ఒక్కొక్క బొమ్మను చూసుకుంట ఎక్కిస్తది. పొద్దుగూకేదాక పడుతది గని, టేపుల ఉన్నదేదీ పోదు. చిన్న ముక్క రెండింట్లనూ చేసి చూపెడ్త. అప్పుడు చెప్పుండ్రి.”

ఆ ముక్క అయ్యేదాకా ఇద్దరూ ఒకే బెంచీ మీద చెరో చివర కూర్చున్నారు.

“ఇగో, ఇది తొందరది.”

“బాగుండాది. నేనుండా, అయ్యోరు ఉండాడు. వెనకంతా బురద మాదిరి ఉండాది. ఇది చాలు తల్లీ.”

“ఇది మెల్లది.”

“అబ్బ, కొబ్బరికాయ పీచు సుత కనవడ్తుంది. ఇగో రాయి. నేను చెప్పలే? ఇగో బోరు. బోరు గీడ, రాయి... రాయి గంత దూరమున్నదేంది?”

“నేనేం చెప్పినా? అంటే నేను కట్టిన గోడ రాయికి ఇవతలే వచ్చినట్టు. చూడు నర్సింహా, బాగా చూడు.”

“బిడ్డా, ఆ తొందరది కూడ మంచిగనే ఉన్నట్టున్నది గదా.”

“ఏమన్నవ్ కాకా?”

“మనుషులు కనవడ్తే చాలు. రాళ్లతోని మనకేం పని.”

“ఒప్పుకోను. మెల్లదే పెట్టు తల్లీ. ఎంత పొద్దయినా కూర్చుంటా. పూజ కళ చెడగూడదు.”

“ఇందాక మేక అంటివి.”

“మేక యాడన్నా అట్ల నిలబడుతాదా?”

“మళ్ల మొదటికే వచ్చినం. సార్, రాయి మీద ఏదో రాసున్నది. మీ పేరా?”

“నా పేరెందుకు రాస్తారమ్మా? ఎలక్షన్ రాతలు. అప్పట్లో ఏ రాయి చూసినా అవే.”

“ఎలక్షన్‌ది కాదు సార్. ఉండుండ్రి, పెద్దగ చేస్త. మొదట ‘శి’ ఉన్నది. శిఖం. శిఖం భూమి.”

“శిఖమంటే ఏంది నర్సింహా?”

“ఏమో సాబ్.”

“ఏమో ఏంది? నువ్వు ఈ తట్టు మనిషివే గదా.”

“చెరువు నిండితే నీళ్లు నిలిచే జాగ. సర్కారుది.”

“కింద ఇంకో వరుస ఉన్నది కాకా. ‘ఇండ్లు కట్టరాదు’ అని. బాణం గుర్తు కూడ ఏసిండ్రు.”

“బాణం ఎవరి ప్లాటు తట్టు చూపిస్తా ఉండాదమ్మా?”

“రెండు దిక్కుల సార్.”

“స్వామి సాబ్, ఆదివారం డిస్కు ఎవరింట్ల ఆడిస్తున్నం?”

“ప్రెసిడెంటు ఇంట్లో. కాలనీ అంతా వస్తాది.”

“ఆయన ఇల్లు మనకన్నా పల్లంల ఉన్నది గదా.”

“అవును. చానా పల్లంలో. అంటే ఆయనదీ చెరువులోనే.”

“మరి ఏది పెట్టాలె సార్? మెల్లదా, తొందరదా?”

“నువ్వు చెప్పు నర్సింహన్నా.”

“నువ్వే చెప్పు స్వామన్నా.”

“తల్లీ, ఈ రెండూ వద్దు. రాయితో బాటు దాని ముందర నిలబడిన మనుషులు కూడా కనబడకుండా చేసే సాఫ్ట్‌వేరు ఏదన్నా ఉండాదా?”